సవరణ: మాత్రల డబ్బాలో మిగిలిపోయిన డోసు గురించి

బైపోలార్ (విపరీతమైన ఉత్సాహం, కుంగుబాటు మారుతూ వచ్చే మానసిక జబ్బు) ఉన్నవాళ్లు వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దుకోవడం గురించి రాసిన పోస్టులో, "రాత్రి గడిలో మాత్ర మిగిలిపోతే పొద్దుటి దాంతో కలిపి వేసుకోండి" అని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. మందుతో వచ్చే సూచనల కాగితంలో ఉన్నదీ, ఫార్మసిస్టులు చెప్పేదీ ఒకటే: తర్వాతి డోసు వేళ దగ్గరపడితే మర్చిపోయినదాన్ని వదిలేయాలి. రెండూ కలిపి మింగకూడదు.

బైపోలార్‌కి వాడే లిథియం అనే మందు విషయంలో ఇది మరీ ముఖ్యం. పనిచేసే మోతాదుకీ, విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. చేతులు బాగా వణుకుతున్నా, వాంతులు, విరేచనాలు అవుతున్నా, నడకలో తూలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మరో బైపోలార్ మందు లామోట్రిజిన్ సంగతి వేరు. వరసగా 5 రోజులు, అంతకన్నా ఎక్కువ తప్పితే పాత మోతాదుతో ఒక్కసారిగా మొదలుపెట్టకూడదు, ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. డాక్టరును అడిగి చిన్న మోతాదు నుంచి మళ్లీ పెంచుకుంటూ రావాలి. అందుకే మిగిలిన మాత్రను తీసేసేముందు క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. ఎన్ని రోజులు తప్పాయని డాక్టరు అడిగినప్పుడు గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడక్కర్లేదు.

అదే పోస్టులో "అన్నీ డబ్బాలో పోసుకోండి" అన్నదాన్ని కొందరు ఇంకో బైపోలార్ మందైన వాల్‌ప్రోయేట్‌కి కూడా వర్తింపజేశారు. ఆ మాత్రలు గాలిలో తేమ పీల్చి మెత్తబడతాయి. వాటిని స్ట్రిప్పులోనే ఉంచి, గడిలో గుర్తుగా ఓ చీటీ పెట్టండి.

లిథియం రక్తపరీక్ష ఉన్న రోజు పొద్దుటి గడికి మూత మీద టేపు అంటించండి. రాత్రి 9కి వేసుకుంటే రక్తం ఉదయం 9కి, అంటే 12 గంటలు గడిచాక ఇవ్వాలి. పొద్దుటి మాత్ర ఆ తర్వాతే.