‘ఉరికొచ్చి వాటేసుకున్న పిల్లనే తెచ్చుకోండి’ అనే మెసేజ్ గురించి

పది రోజులుగా వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. మా ఇంటి గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మా పెద్దబాపు. ‘విదేశాల్లో ఉండి పిల్లలు లేనివాళ్ల కోసం’ అని మొదలయ్యే ఆ మెసేజ్ సారాంశం ఇది: సెలవులకు ఊరొచ్చినప్పుడు ఏదైనా అనాథాశ్రమానికి వెళ్లి పిల్లల్ని చూసుకోండి, మంచి డొనేషన్ ఇస్తే వారంలో పనైపోతుంది. ఐదేళ్లు దాటిన పిల్లల జోలికి పోకండి, మొక్కై వంగనిది మానై వంగుతుందా? తప్పదనుకుంటే, మిమ్మల్ని చూడగానే ఉరికొచ్చి వాటేసుకున్న పిల్లను తెచ్చుకోండి, మూలన కూర్చున్న పిల్లను వదిలేయండి. తెచ్చాక పేరు మార్చండి, పాత సంగతులు ఎత్తకండి, అదే మర్చిపోతుంది. కింద ఒక ఫొటో. వరుసగా నిలబెట్టిన పన్నెండు మంది పిల్లలు, మొహాలు స్పష్టంగా.

ఇందులో నాకేం తెలుసని అడగొచ్చు. మా అక్కాబావలు అమెరికాలో ఉంటారు, అక్కడి పౌరులు. ఉత్తర తెలంగాణలోని ఒక దత్తత కేంద్రం నుంచి ఏడేళ్ల పాపను దత్తత తీసుకున్నారు. కాగితాల ప్రకారం వాళ్లు పరాయి దేశానికి వచ్చి అనాథాశ్రమం చూసిన దంపతులు. అక్క హనుమకొండలోనే పుట్టి పెరిగిందన్న సంగతి ఆ కాగితాలకు పట్టదు. వాళ్లకు తోడుగా వెళ్లింది నేనే. ఏ ఊరో, పాప పేరేమిటో చెప్పను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ముందు ఆ ‘వెళ్లి చూసుకోండి’ సంగతి. ‘ఆశ్రమం’ అనే ఒక్క మాటలో మనం అన్నీ కలిపేస్తాం. బాలసదనంలోనో, ఏదో హోములోనో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో, తండ్రో, అమ్మమ్మో ఉంటారు. తల్లి కూలికి వలస పోయి ఉంటుంది. అమ్మమ్మ బతుకమ్మ పండక్కి ఇంటికి తీసుకెళ్లి, దసరా దాటాక మళ్లీ తెచ్చి దింపుతుంది. అలాంటి పిల్లలు దత్తతకు ఉన్నవాళ్లు కారు. బాలల సంక్షేమ సమితి విచారణ చేసి, ఈ బిడ్డను చట్టప్రకారం దత్తతకు ఇవ్వొచ్చని ప్రకటించాలి. దిక్కులేకుండా దొరికిన బిడ్డ వయసు రెండేళ్లలోపైతే 2 నెలల్లో, ఆ పైనైతే 4 నెలల్లో ఈ ప్రకటన రావాలి. కన్నవాళ్లే అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి వాళ్లకు 2 నెలల గడువుంటుంది.

ఇక ఎవరికి ఏ బిడ్డ అన్నది కారా, అంటే కేంద్ర దత్తత వనరుల సంస్థ, పోర్టల్ ద్వారా నడుస్తుంది. విదేశంలో ఉన్నవాళ్లయితే అక్కడి గుర్తింపు పొందిన ఏజెన్సీ ముందు వాళ్ల ఇంటికి వచ్చి అన్నీ పరిశీలించి రిపోర్టు రాయాలి. తర్వాత తమ వంతు వచ్చినప్పుడు పిల్ల వివరాలు, ఫొటో, మెడికల్ రిపోర్టు పంపుతారు. 96 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి, 30 రోజుల్లో అంగీకారం తెలపాలి. కేంద్రానికి వచ్చి పాపను కళ్లారా చూసేది ఫైలు చూసి రిజర్వ్ చేసుకున్నాకే. అంటే గేటు దాటేసరికే మా అక్కాబావలకు ఒక పాప ఫైలు అక్షరం అక్షరం వచ్చు. మిగతా పిల్లల్ని ‘చూడటానికి’ వాళ్లకు హక్కు లేదు.

ఇది మన దేశం ఒక్కటే పెట్టిన రూలు కూడా కాదు. దేశాల మధ్య దత్తతల మీద 1993లో హేగ్ ఒప్పందం వచ్చింది. భారత్ 2003లో దాన్ని ఆమోదించింది. అందులో 29వ అధికరణం ప్రకారం, బంధువుల మధ్య దత్తత లాంటి సందర్భాలు తప్పిస్తే, రెండు వైపులా అర్హతలు తేలేదాకా దత్తత కోరేవాళ్లు బిడ్డను చూసుకునేవాళ్లను నేరుగా కలవకూడదు. బల్గేరియాలోనైతే ఫైలు ఒప్పుకున్నాక కూడా వచ్చి కనీసం 5 రోజులు ఆ బిడ్డతో గడపాలి. సంతలో బేరంలా జరగకూడదనే ఇవన్నీ పెట్టారు.

డొనేషన్ మాట చదివినప్పుడు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. నిబంధనల్లో రాసిన ఫీజు తప్ప దత్తత కోసం వచ్చినవాళ్ల దగ్గర డబ్బు గానీ, వస్తువు గానీ డొనేషన్‌గా తీసుకోకూడదు. పిల్లల సంరక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 80వ సెక్షన్ కింద, పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినా, తీసుకున్నా 3 ఏళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. కొనడం, అమ్మడం అయితే 81వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా కఠిన శిక్ష. ఈ చట్టాలు ఊరికే రాలేదు. 1999 నుంచి 2001 దాకా హైదరాబాద్‌లో బయటపడ్డ దత్తత కుంభకోణాలు మన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. తండాల్లో పేద లంబాడా తల్లుల దగ్గర ఆడపిల్లల్ని కొద్దిపాటి డబ్బుకు తీసుకుని విదేశాలకు పంపారని పేపర్ల నిండా వార్తలు వచ్చాయి. అంతకుముందే, 1984లో, లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు పద్ధతులు నిర్దేశించింది. అయినా అంత జరిగింది. ‘మంచి డొనేషన్’ అని తేలిగ్గా రాసినవాళ్లకు ఆ తండాలు గుర్తు రాలేదేమో.

వారంలో పని అవ్వడం సంగతి ఒక్క మాటలో చెప్తాను. అక్కాబావలు పేరు నమోదు చేసుకున్న రోజు నుంచి పాప విమానం ఎక్కేదాకా రెండేళ్లకు దగ్గర పడింది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు బదులు జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు. దానికే 2 నెలల గడువుంది. ఆ తర్వాత పాస్‌పోర్టు, వీసా. ఇంకో సంగతి, మెసేజ్ రాసినవాళ్లకు తట్టనిది: హెచ్1బీ మీద ఉన్నవాళ్లు హేగ్ పద్ధతిలో బిడ్డను అమెరికా తీసుకెళ్లలేరు, దంపతుల్లో ఒకరైనా అక్కడి పౌరులై ఉండాలి. లేదంటే రెండేళ్లు బిడ్డతో కలిసి ఉన్నట్టు చూపించాల్సిన వేరే దారి. సెలవులకొచ్చి తీసుకుపోయే పని కాదిది.

ఇక అసలు మాట, ఉరికొచ్చి వాటేసుకునే పిల్ల.

మేం వెళ్లిన రోజు గేటు దాటగానే ముగ్గురు చిన్నపిల్లలు ఉరికొచ్చారు. ఒకరు అక్క చున్నీ పట్టుకున్నారు, ఒకరు బావ చేతికి వేలాడారు, ఇంకొకరు నన్ను ‘డాడీ’ అన్నారు. నాకు అప్పటికి పెళ్లి కూడా కాలేదు. ‘కరెంటు బిల్లు కొట్టేటాయన వచ్చినా వాళ్లకు డాడీనే’ అని ఆయమ్మ నవ్వింది. అక్కాబావలు ఎవరి కోసం అంత దూరం నుంచి వచ్చారో ఆ పాప మాత్రం గడప మీద కూర్చుని చెప్పు పట్టీ ఊడదీస్తూ, మళ్లీ పెట్టుకుంటూ ఉంది. తలెత్తలేదు. అక్క పేరు పెట్టి పిలిస్తే లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి అక్క అన్నం ముట్టలేదు. ‘మనం నచ్చలేదేమోరా దానికి’ అంది.

మెసేజ్ ప్రకారమైతే అక్కడే కథ అయిపోవాలి. కానీ కొత్తవాళ్ల ఒళ్లోకి ఎక్కేయడాన్ని ప్రేమ అనుకోవడం మన అమాయకత్వం. షిఫ్టుల మీద ఆయమ్మలు మారే చోట పెరిగిన పిల్లలు, వచ్చిన పెద్దమనిషి చూపు తమ మీద పడేలా చేసుకోవడం నేర్చుకుంటారు. లండన్‌లోని పిల్లల హోముల్లో బాల్యం గడిపినవాళ్లను బార్బరా టిజార్డ్ అనే మనస్తత్వవేత్త 1970ల్లో ఏళ్ల తరబడి గమనించారు. పరిచయం లేని పెద్దవాళ్లతోనూ అతిగా చనువు చూపడం ఆమె ఆ పిల్లల్లో చూశారు. అది ఆ పిల్లల తప్పు కాదు, మన మీద పుట్టుకొచ్చిన ప్రేమా కాదు. మరి గడప మీద కూర్చున్న పిల్ల? ఆమెకు వారాల ముందే చెప్పారు, ‘వీళ్లు నిన్ను తీసుకుపోతారు’ అని. అంటే ఆయమ్మ ఉండదు, పక్క చాప మీద పడుకునే దోస్తు ఉండదు, బడి ఉండదు. ఇన్ని పోతాయని తెలిసిన పిల్ల ఎగిరి గంతెయ్యాలా?

రెండో రోజు బావ ఆమె పక్కన నేల మీద కూర్చుని అష్టాచెమ్మ ఆడబోయాడు. ఆయనకు ఆట సరిగా రాదు. గవ్వలు తప్పు లెక్కపెట్టాడు. ‘అట్ల కాదు’ అంది పాప. మొదటి మాట అదే. మధ్యాహ్నం వాళ్లిద్దర్నీ వదిలేసి నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది: ‘వీళ్లింట్ల రాత్రి లైటు బంద్ చేస్తరా?’ కేంద్రంలో పిల్లలు పడుకునే హాల్లో రాత్రంతా ఒక లైటు వెలుగుతూనే ఉంటుంది మరి. మేం ఆమెను చూడటానికి వచ్చామనుకున్నాం. రెండు రోజులుగా చూస్తున్నది ఆమె. చట్టం కూడా ఆ మాత్రం గౌరవం ఇచ్చింది, దత్తత ఉత్తర్వు ఇచ్చేముందు బిడ్డ వయసును, అర్థం చేసుకునే శక్తిని బట్టి ఆమె ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలని.

అలా వెళ్లేవాళ్లకు అక్కడి సోషల్ వర్కర్ చెప్పిన మాటలు పనికొస్తాయి. పిల్లను ఎత్తుకోవాలని తొందరపడొద్దు. బొమ్మల మూటలు వద్దు, మిగతా పిల్లలు చూస్తుంటారు. కేంద్రం మేడంను అడిగితే అందరికీ పండ్లు చాలన్నారు. మళ్లీ ఎప్పుడొస్తారో తెలియకపోతే ‘తెలియదు’ అనే చెప్పాలి, ‘రేపే వస్తాం’ అని అబద్ధం ఆడొద్దు. అక్క ఒక చిన్న ఆల్బం తెచ్చింది: ఇల్లు, వంటిల్లు, స్కూలు బస్సు, పాప గది. లైటు మాట విన్నాక బావ అమెరికా వెళ్లి ఆ గదిలో రాత్రి వెలిగే చిన్న లైటు ఫొటో తీసి పంపాడు. ఉత్తర్వు వచ్చేదాకా ఆయమ్మ రోజూ ఆ ఆల్బం చూపించిందట.

మొక్కై వంగనిది సామెత గురించి. అందులో సగం నిజం ఉందని ఒప్పుకుంటాను. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 136 మంది పసివాళ్ల మీద జరిగిన అధ్యయనంలో, ఆశ్రమం నుంచి ఎంత తొందరగా కుటుంబంలోకి చేరితే అంత మంచిదని, ముఖ్యంగా రెండేళ్లలోపు చేరినవాళ్లు బాగా కోలుకున్నారని తేలింది. పిల్లల్ని త్వరగా ఇళ్లకు చేర్చాలనే దాని అర్థం. పెద్దయ్యాక వదిలేయమని ఎక్కడుంది? టిజార్డ్ చూసిన పిల్లల్లో రెండేళ్లు దాటాక, కొందరు నాలుగేళ్లు దాటాక దత్తత వెళ్లారు. పదహారేళ్లకు వాళ్లను మళ్లీ కలిస్తే, తోటి పిల్లలతో స్నేహాల్లో ఇబ్బందులు కొన్ని మిగిలినా, పెంచిన తల్లిదండ్రులతో ఎక్కువమందికి గట్టి అనుబంధం కుదిరింది. కన్నవాళ్ల దగ్గరకు తిరిగి పంపిన పిల్లల కంటే కూడా ఈ విషయంలో వీళ్లే మెరుగు. అయినా ఓరుగల్లు వాళ్లం మనం. రుద్రమదేవి మనవడు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని రాజ్యం అప్పగించిందని బడిలో చదువుకున్నాం, ‘ఐదేళ్లు దాటితే ఎట్లా’ అని మాత్రం ఎవరూ అడగలేదు.

కష్టం లేదని చెప్పను. మొదటి రెండు వారాలు పాప చుట్టపు పిల్లలా ఒద్దికగా ఉంది. మూడో వారం నుంచి, ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, బ్యాగు సర్దుకుని తలుపు దగ్గర పెట్టేది. బావ రోజూ ఆ బ్యాగు తీసుకెళ్లి, బట్టలు మళ్లీ అల్మారాలో పెట్టేవాడు. ఇలా నెలలు నడిచింది. ఆ ఏడాది అక్క నాకు ఫోన్ చేసి ఏడవని ఆదివారం లేదు. ఇంత ఓపిక లేనివాళ్లు పెద్ద పిల్లల దత్తతకు దిగకపోవడమే మంచిది. ఆ మాట సూటిగా చెప్పి ఉంటే ఆ మెసేజ్‌ను నేనే పది గ్రూపులకు పంపేవాణ్ణి.

‘పాతవి మర్చిపోతుంది’ అనే మాటకు జవాబు ఒక స్టీలు పళ్లెం. కేంద్రంలో పళ్లేల మీద పేర్లకు బదులు నంబర్లు కొట్టించారు. పాపది 14. వచ్చేటప్పుడు ఆయమ్మ దాన్ని బ్యాగులో పెట్టింది. అక్క కొత్త పళ్లెం కొంటే పాప ముట్టలేదు. పోయినసారి సెలవులకొచ్చినప్పుడు వరంగల్‌లో స్టీలు సామాన్ల కొట్టుకు తీసుకెళ్లి, 14 పక్కన ఆమె పేరు కొట్టించాం. నంబరు చెరిపేయాలా అని కొట్టాయన అడిగితే ‘ఉండనీ’ అంది. పేరు కూడా పాతదే, ఇంటిపేరు మాత్రం బావది చేరింది. తెలుగు నెమ్మదిగా జారిపోతోంది. అందుకే వారం వారం ఫోన్లో నాతో మాట్లాడించడం అక్క పెట్టుకున్న పని. ‘మామా, అక్కడ వాన వడ్తుందా?’ అని మా వైపు యాసలోనే అడుగుతుంది. హేగ్ ఒప్పందం బిడ్డ పుట్టుపూర్వోత్తరాల సమాచారం భద్రపరచమంటుంది, మన నిబంధనల్లో పెద్దయ్యాక తమ మూలాలు తెలుసుకోవడానికి దారి ఉంది. దాచిపెట్టి ఎన్నేళ్లు నెట్టుకొస్తారు?

చివరిగా ఆ ఫొటో. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో, వాళ్లను గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తోంది. తప్పితే 6 నెలల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఫార్వర్డ్ చేసినవాళ్లు మాకేం తెలుసు అంటే నడవదు. పైగా ఆ పన్నెండు మందిలో ఎవరి అమ్మమ్మ పండక్కి వచ్చి తీసుకెళ్తుందో, ఎవరి కోసం ఎవరు వెతుకుతున్నారో మనకు తెలియదు. పెద్దబాపుకు ఫోన్ చేసి ఈ ఒక్కటీ చెప్తే, గ్రూపులోంచి ఎలా తీసెయ్యాలో నన్నే అడిగి మరీ తీసేశాడు. మీ ఫోన్లో ఉంటే మీరూ తీసెయ్యండి, గ్యాలరీలోంచి కూడా.