పెసల గిన్నెలో పరిణామం

(నెల్లూరు మూలాపేట. వంటింట్లో రమణయ్య గిన్నె ముందర పెట్టుకుని కూర్చోనుండాడు.)

పెంచలమ్మ: ఏందయ్యా ఇది? పెసరట్టుకి నానబెట్టాల్సిన పెసలు నీ దగ్గరెందుకుండాయి?

రమణయ్య: పరిణామం చూస్తా ఉండా మే. గిన్నెలో 5 పెసలు, 5 శెనగలు. కళ్లు మూసుకుని ఒకటి తియ్యాల, ఏదో రాసుకోవాల, మళ్లా గిన్నెలో వేసి కలపాల. అట్టా పదిసార్లు. 7 పెసలు, 3 శెనగలు వచ్చినాయనుకో, తర్వాతి తరం గిన్నెలో అవే 7, అవే 3.

పెంచలమ్మ: ఎందాకా?

రమణయ్య: ఒకటే రకం మిగిలేదాకా. పది గింజలైతే సగటున సుమారు 13 తరాలు. వందైతే సుమారు 140. గొప్పదని ఏదీ గెలవదు, వట్టి లాటరీ. దీన్నే జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు.

పెంచలమ్మ: ఎన్నిసార్లు ఆడినావు?

రమణయ్య: ఐదు. ఐదుసార్లూ శెనగలే.

పెంచలమ్మ: కాక? శెనగ లావు, పెసర సన్నం. చెయ్యి పెడితే వేలికి తగిలేది లావుదేగా. లాటరీ యాడుంది ఇందులో?

రమణయ్య: (నాలిక్కరుచుకుని) అవునే. నేను ఆడింది ప్రకృతి వరణం, కలిసొచ్చే గుణమున్నదే గెలిచే ఆట!

పెంచలమ్మ: మినుములు తీసుకో. దాదాపు పెసలంతే ఉంటాయి. తీసిన గింజ మళ్లా వేస్తా ఉండావా, పక్కన పెడతా ఉండావా?

రమణయ్య: వేస్తా ఉండా. వెయ్యకపోతే పదిసార్లకి పదీ బయటికొస్తాయి, ఎన్ని తరాలైనా ఐదుకి ఐదే.

పెంచలమ్మ: ఆ డార్విన్ కూడా ఇట్టా లాటరీలోనే దొరికినాడా?

రమణయ్య: అంతే అనుకో. 1831లో లోకం చుట్టే బీగిల్ ఓడలో పోను మొదట జెనిన్స్ అనే పాదిరీని అడిగితే ఆయన రానన్నాడు. డార్విన్ వస్తానంటే నాయన వద్దన్నాడు. మేనమామ వెడ్జ్‌వుడ్ పోయి సర్దిచెప్పినాడు. తీరా చూస్తే కెప్టెన్ ఫిట్జ్‌రాయ్‌కి ఆయన ముక్కు నచ్చలా. ఇట్టాంటి ముక్కున్నోడికి అంత ప్రయాణం చేసే పట్టుదల ఉంటదా అని అనుమానం.

పెంచలమ్మ: పెళ్లిచూపుల్లో మా నాయన కూడా నీ ముక్కే చూసినాడు. పాపం, సర్దుకున్నాడు. సరే, డార్విన్ పోకపోతే ఈ సంగతి తెలిసేదే కాదా?

రమణయ్య: వాలెస్ అనే ఇంకో ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఉండాడుగా. 1858లో ఇప్పటి ఇండోనేషియా దీవుల్లో జ్వరంతో పడుండి ఆ ప్రకృతి వరణమే కనిపెట్టినాడు. రాసి పంపింది ఎవరికనుకున్నావు? డార్విన్‌కే! జూలై 1న లండన్‌లో లిన్నియన్ సొసైటీ అనే శాస్త్రజ్ఞుల సంఘంలో ఇద్దరివీ కలిపి చదివినారు.

పెంచలమ్మ: అంటే పెసరైనా మినుమైనా, గిన్నె మాత్రం ఖాళీగా ఉండదు.

రమణయ్య: అంత తేలిగ్గా అనబాక. తల్లిదండ్రుల గుణాలు పిల్లలకెట్టా వస్తాయో మెండెల్ బటానీల మీద చూసి రాసింది 1866లో అచ్చయింది. 1900 దాకా పట్టించుకున్నోళ్లు దాదాపు లేరు. ముప్పై నాలుగేళ్లు గిన్నె ఖాళీనే... ఉండు, మూడో తరం. పెసలు 6, మినుములు 4.

(పెంచలమ్మ గిన్నె లాక్కుని నానబోసే నీళ్లలో బోర్లించింది.)

రమణయ్య: అయ్యో, ఇంకా బోలెడు తరాలుండాయి!

పెంచలమ్మ: 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లకి చెప్పి పడిందా ఆ ఉల్క? లే, అల్లం తొక్కు తియ్యి.