మా హాలు గోడగారికి

గౌరవనీయులైన గోడగారికి,

నమస్కారం. గోడకి చెప్పుకోవడమంటే ఏమిటో తెలిసే రాస్తున్నాను. పై అంతస్తులో ఓనర్ అంకుల్‌కి చెప్పి చూశాను. పెద్ద తేడా కనపడలేదు.

నిన్న సాయంత్రం మా బూందీ టీవీని పడేసింది. బూందీ 4 కిలోల పిల్లి. టీవీ 43 అంగుళాలది, వాయిదాలు ఇంకా 5 ఉన్నాయి. టీపాయ్ అంచుకి కొట్టుకుని బోర్లా పడింది. లేపి చూస్తే ఓ మూల సాలెగూడులా పగులు, మిగతాదంతా నిలువు గీతలు. లోపల కామెంటేటర్ మాత్రం ఏమీ జరగనట్టు స్కోరు చెబుతూనే ఉన్నాడు. పగిలితే వారంటీ వర్తించదట. కొత్త ప్యానెల్ వేయిస్తే ఇంచుమించు కొత్త టీవీ ధరేనట. సరే, నా ఖర్మ.

నా బాధ అది కాదు. మూడు వారాల కిందటి శనివారం మీకు గుర్తుండే ఉంటుంది. పదింటికి వస్తానన్న మెకానిక్ ఒంటిగంటన్నరకి దిగాడు. మీ మీద లెవెల్ ఆనించి పెన్సిల్‌తో 4 చుక్కలు పెట్టాడు. టీవీ వెనక రంధ్రాల కొలతని 'వెసా' అంటారని కూడా చెప్పాడు. డ్రిల్లు ఒక్కసారి ఝుయ్ మందో లేదో, అంకుల్ లుంగీ సర్దుకుంటూ ప్రత్యక్షం. "గోడెగె మొళె హొడీబేడి" అన్నారు కన్నడంలో, అంటే గోడకి మేకులు కొట్టొద్దని. మేకు కాదంకుల్, స్క్రూ అన్నాను. రెండూ ఒకటేనన్నారు. మెకానిక్ విజిటింగ్ చార్జీ తీసుకుని బెంగళూరు మారతహళ్ళి ట్రాఫిక్‌లో కలిసిపోయాడు. నా టీవీకి వెసా అయితే ఉంది, మీ మీద దిగే యోగమే లేదు.

అప్పుడు టీవీ బోర్లా పడకుండా పట్టి ఉంచే బెల్టు కొన్నాను. ఒక కొస టీవీ వెనక స్క్రూకి, రెండోది మీకు బిగించాలి. మీ మీద కుదరదని అంకుల్ అన్నారు కాబట్టి టీవీ బల్ల వెనకున్న 3 మిల్లీమీటర్ల ప్లైకి బిగించాను. నిన్న టీవీతోపాటు ఆ చెక్క కూడా ఊడొచ్చింది.

మరి ఆ బల్లికెవరిచ్చారండీ పర్మిషన్? ట్యూబ్‌లైట్ పురుగుల కోసం రోజూ ఏడింటికల్లా టీవీ వెనక హాజరు. అడ్వాన్సు లేదు, 11 నెలల అగ్రిమెంటు లేదు. శాకాహారులకే ఇల్లన్న అంకుల్ దాన్నెలా రానిచ్చారో! బూందీ టీవీ వెనక దూరింది దానికోసమే.

ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె ఎలాగూ పట్టుకుంటారు కదా? మిమ్మల్ని ముట్టుకున్నా పట్టుకుంటారు, ముట్టుకోకపోయినా పట్టుకుంటారు. 4 రంధ్రాలు పూడ్చడానికి ఎంత పుట్టీ కావాలి? గోలీకాయంత! అది కూడా నేనే కొంటానన్నాను, కాగితం మీద రాసిస్తానన్నాను. పైన వాళ్ళ హాల్లో 55 అంగుళాలది గోడకే వేలాడుతోంది, అద్దె ఇచ్చినప్పుడల్లా చూస్తున్నాను. అది గోడ కాదా? వానొస్తే మీరు చెమ్మెక్కి పొలుసులు పొలుసులుగా మా సోఫా మీద రాలతారు, అప్పుడెవరూ లుంగీ సర్దుకుంటూ దిగరేం?

ఇది రాస్తుండగానే ఏడయింది. బల్లి వచ్చింది. సరిగ్గా ఆ 4 పెన్సిల్ చుక్కల నడుమ సర్దుకుంది. ఖాళీ బల్ల మీద బూందీ, తోక కొస మాత్రం కదుపుతూ.

ఇట్లు,
ఫస్ట్ ఫ్లోర్ అద్దెదారు