తప్పింది కాబట్టి తప్పు లేదు

"త్రుటిలో తప్పిన పెను ప్రమాదం" అనే వార్త చదివినప్పుడల్లా నాకు తెలుగు భాష మీద గౌరవం పెరుగుతుంది. తప్పించుకోవడానికీ తప్పు చేయడానికీ ఒకే మాట పెట్టిన మహానుభావులెవరో గానీ, విమానయానం సంగతి వాళ్లకి ముందే తెలుసు. ఆకాశంలో రెండు విమానాలు ఒకదాన్నొకటి రాసుకున్నంత పని చేస్తాయి. మర్నాడు పేపర్లో "ప్రమాదం తప్పింది" అని వస్తుంది. ఈ వాక్యంలో కర్త ఎవరయ్యా అంటే, ప్రమాదమే. అదే వచ్చింది, అదే పక్కకి జరిగింది. పైలట్ లేడు, నేల మీద కూర్చుని విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ లేడు, షిఫ్టులో మనుషుల్ని తగ్గించిన పెద్దమనిషి అసలే లేడు. వ్యాకరణమే క్లీన్ చిట్ ఇచ్చాక ఇక విచారణ దేనికి?

అధికారుల భాష ఇంకా సున్నితం. వాళ్లు దీన్ని "లాస్ ఆఫ్ సెపరేషన్" అంటారు. తెలుగులో చెప్పాలంటే ఎడబాటు లోపించడం. ప్రబంధాల్లో ఇది నాయికా నాయకులకి శుభవార్త. విమానాలకి మాత్రం కాదు. వాటికి ఎంత ఎడబాటు ఉండాలో లెక్కలున్నాయి: మార్గమధ్యంలో, రాడార్ నిఘాలో, పైకీ కిందకీ 1,000 అడుగులు, లేదంటే పక్కలకి మామూలుగా 5 నాటికల్ మైళ్లు. అంటే 9 కిలోమీటర్ల పైమాటే. అంత దూరమా అని ఆశ్చర్యపోకండి. గంటకి 900 కిలోమీటర్ల వేగంతో రెండు విమానాలు ఎదురెదురుగా వస్తుంటే, వాటి మధ్య దూరం సెకనుకి అర కిలోమీటరు చొప్పున కరిగిపోతుంది. 9 కిలోమీటర్లంటే 18 సెకన్లు. నేనైతే ఆ టైంలో కళ్లజోడు ఎక్కడ పెట్టానో కూడా వెతుక్కోలేను.

వెంట్రుకవాసి అంటే ఎంతో కూడా అమెరికావాళ్లు తేల్చేశారు: 500 అడుగుల లోపు. అంతకన్నా ఎక్కువ దూరమున్నా, గుద్దుకునేలా ఉన్నామని పైలట్ చెబితే దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. అంత పొడుగు వెంట్రుక ఎవరిదని అడక్కండి.

ఈ 18 సెకన్లలో మనుషుల్ని నమ్మడం కష్టమని పెద్ద విమానాల్లో టీకాస్ అనే యంత్రం పెట్టారు. రెండు విమానాల్లోని టీకాస్‌లూ వాటిలో అవే మాట్లాడుకుని, నువ్వు పైకి, నేను కిందకి అని క్షణాల్లో ఒప్పందానికి వస్తాయి. అంతకుముందు వాటికి ముఖపరిచయం లేదు. మీటింగ్ లేదు, మినిట్స్ లేవు, టీ బ్రేక్ లేదు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకి ఇలాంటిదొకటి బిగిస్తే బాగుండునని నాకు చాలాకాలంగా ఉంది.

అంత తెలివైన యంత్రం ఉన్నా, పైకి వెళ్లమని యంత్రమూ దిగమని కంట్రోలరూ ఒకేసారి చెబితే ఎవరి మాట వినాలి?

2001 జనవరి 31న జపాన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఇటునుంచి జంబో జెట్, అటునుంచి డీసీ-10, రెండూ జపాన్ ఎయిర్‌లైన్స్‌వే. రెండింట్లో కలిపి 677 మంది. సీటులో శిక్షణలో ఉన్న కంట్రోలర్, పక్కన నేర్పించే సీనియర్. దిగమని చెప్పాల్సింది ఫ్లైట్ 958కి, అంటే డీసీ-10కి. నోట్లోంచి వచ్చింది 907, అంటే జంబో నంబరు. జంబోలో టీకాస్ "ఎక్కు" అంటోంది. కెప్టెన్ మనిషి మాటకి విలువిచ్చి దిగడం మొదలుపెట్టాడు. అవతల డీసీ-10 తన టీకాస్ చెప్పినట్టే బుద్ధిగా దిగుతోంది. రెండూ క్రమశిక్షణ తప్పలేదు, రెండూ కిందకే. చివరికి కంటికి కనపడ్డాక జంబో ముక్కు ఒక్కసారిగా కిందకి వంచేశారు. డ్రింకుల బండి ఎగిరి సీలింగ్‌కి తగిలింది. బెల్టు లేనివాళ్లూ దాని వెనకే వెళ్లారు. దాదాపు 100 మందికి దెబ్బలు. విమానాల మధ్య మిగిలింది దాదాపు 135 మీటర్లు.

ఎవరూ పోలేదు. ప్రమాదం తప్పింది. హమ్మయ్య అనుకున్నారు.

17 నెలల తర్వాత, 2002 జులై 1 రాత్రి, జర్మనీలోని ఉబర్లింగెన్ మీద ఒక రష్యన్ ప్రయాణికుల విమానం, ఒక సరుకు రవాణా విమానం ఎదురుపడ్డాయి. డ్యూటీలో ఒక్కడే కంట్రోలర్ రెండు స్క్రీన్లు చూసుకుంటున్నాడు. రష్యన్ విమానానికి టీకాస్ "ఎక్కు" అంది. కంట్రోలర్ దిగమన్నాడు. వాళ్లు దిగారు. సరుకు విమానం టీకాస్ చెప్పినట్టు దిగింది. ఈసారి 135 మీటర్లు మిగల్లేదు. 71 మంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. ఇద్దరి మాటా పొసగనప్పుడు టీకాస్ మాటే వినాలని అంతర్జాతీయ నిబంధనల్లో అనుమానానికి తావు లేకుండా రాసింది ఆ తర్వాతే.

జపాన్ ఆకాశంలో దొరికిన పాఠంలో అక్షరం తేడా లేదు. కానీ దానికి శవాలు జతచేసి లేవు. జతపత్రాలు లేని అర్జీ ఏ ఆఫీసులో కదులుతుంది చెప్పండి? మన దేశంలో టీకాస్ తప్పనిసరి అయిందీ అలాగే, 1996 నవంబర్‌లో హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయాక.

శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్లు ఇంకో మెట్టు పైన. 2017 జులైలో ఒక విమానం రన్‌వే అనుకుని ట్యాక్సీవే మీదకి, అంటే విమానాలు రన్‌వే దాకా నడిచే దారి మీదకి, దిగబోయింది. అక్కడ నాలుగు విమానాలు వరసలో నిలబడి ఉన్నాయి. నేలకి 60 అడుగుల దాకా వచ్చి మళ్లీ పైకి లేచింది. పక్క రన్‌వే మూసేసిన సంగతి గమనంలో లేకే ఆ పొరపాటు. మూసేశారన్న నోటీసు పైలట్లకి ఇచ్చారు, ఇవ్వలేదని ఎవరూ అనలేరు. 27 పేజీల కట్టలో 8వ పేజీలో ఉంది. కాక్‌పిట్‌లో ఏం మాట్లాడుకున్నారో విందామంటే, ఈలోగా ఆ విమానం మళ్లీ ఎగిరింది, పాత మాటల మీద కొత్త మాటలు రికార్డయిపోయాయి. ఏమీ జరగనప్పుడు టేపు దాచడం ఎందుకు, దండగ.

అలాగని తప్పిపోయిన ప్రమాదాలకి శిక్షలే లేవనుకోకండి. జపాన్ కంట్రోలర్లిద్దరి మీదా కేసు ఏళ్ల తరబడి నడిచి, 2010లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, నేరం ఖాయమైంది. జైలుకి పంపలేదు గానీ, ఈసారి ఏ కంట్రోలర్ నోట్లోంచి తప్పు నంబర్ వచ్చినా, "నాదే తప్పు" అన్న రెండో మాట మాత్రం రాకుండా జాగ్రత్తపడతాడు. అమెరికాలో దీనికి తలకిందుల పద్ధతి ఒకటుంది. 1976 నుంచి పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లు తామే రాసి నాసాకి పంపుతారు. నాసావాళ్లు పేరు తీసేసి, విషయం మాత్రం ఉంచుకుంటారు. నేరస్థుడు దొరకని నేరాలని పద్ధతిగా ఫైలు చేసుకునే దేశం గురించి మనం ఏం మాట్లాడతాం?

ఒకసారి నేనెక్కిన విమానం ఉన్నట్టుండి ఇంత పైకి లేచి, కాసేపటికి సర్దుకుంది. మైకులో కెప్టెన్ "చిన్న కుదుపు, చింతించాల్సిన పని లేదు" అన్నాడు. నిజంగా గాలి కుదుపే అయ్యుంటుంది. కానీ ఆ గొంతు ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువ మామూలుగా ఉంది. పక్క సీటాయన నిద్రలేచి "ఏమైందండీ?" అన్నాడు. "ఏం కాలేదండీ" అని, బెల్టు ఇంకో రెండు వేళ్లు బిగించాను.