మద్దెలకు మంచి రోజులు

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. పాపం, పాత మద్దెలకు ఎదురుచెప్పే నోరు లేదు. ఇప్పుడు కృత్రిమ మేధ అనే కొత్త మద్దెల వచ్చింది. దీనికి నోరుంది. పైగా ఆ నోటితో, తప్పు తనదేనని అడక్కుండానే ఒప్పుకుంటుంది. నైతిక రంగంలో మానవజాతి సాధించిన ఇంత గొప్ప ప్రగతిని గుర్తించకుండా, కొందరు మేధావులు ఇంకా భయాలు పెడుతూ కూర్చున్నారు.

ఎయిర్ కెనడా అనే విమాన సంస్థ దూరదృష్టి చూడండి. ఆప్తులు పోయిన దుఃఖంలో ప్రయాణం పెట్టుకున్న ఒకాయనకు ఆ సంస్థ తరఫున జవాబులిచ్చే చాట్‌బాట్ అనే ప్రోగ్రాము, ముందు టికెట్ కొనుక్కో, రాయితీకి తొంభై రోజుల్లోగా దరఖాస్తు పెట్టుకోవచ్చు అని చెప్పింది. తీరా పెట్టుకుంటే, అలాంటి నిబంధన లేదు పొమ్మంది సంస్థ. గొడవ ట్రిబ్యునల్‌కెక్కింది. అక్కడ సంస్థ వాదన సారాంశం ఏమిటంటే, చాట్‌బాట్ మాటలకు మాకు పూచీ లేదు. అంటే అదో వేరే శాల్తీ అన్నమాట! దానికి జీతమెంతో, దాని తరఫున వకాలతా ఎవరు వేశారో నాకు తెలీదు. 2024లో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి డబ్బు కట్టమంది. కాలం కంటే ముందు పుట్టిన ఆలోచనలకు ఎప్పుడూ ఇదే గతి.

1979 నాటి ఐబీఎం కంప్యూటర్ల కంపెనీ శిక్షణ పాఠమంటూ ఒక కాగితం చలామణీలో ఉంది. కంప్యూటరును బాధ్యురాల్ని చేయలేం, కాబట్టి యాజమాన్య నిర్ణయాలు దానికి వదలకూడదు అని దాని తాత్పర్యం. ఎంత అమాయకత్వం! బాధ్యత అంటదు కాబట్టే కదా అన్నీ దానికి వదిలేది.

అమెజాన్‌లో ఉద్యోగ దరఖాస్తులు జల్లెడ పట్టే ప్రోగ్రామొకటి తయారైంది. పదేళ్ళ పాత దరఖాస్తులు చదివి బుద్ధిగా నేర్చుకుంది. వాటిలో ఎక్కువ భాగం మగవాళ్ళవి. దాంతో 'మహిళల చదరంగ క్లబ్ కెప్టెన్' లాంటి మాట కనబడితే మార్కులు కోసింది. 2018లో సంగతి బయటపడేనాటికే దాన్ని మూలన పడేశారు. గురువుల్ని అక్షరాలా అనుసరించిన శిష్యురాలికి శిక్ష పడింది. గురువులకు పడినట్టు మాత్రం నేను వినలేదు.

నెదర్లాండ్స్ వాళ్ళది మరీ చాదస్తం. పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేల కుటుంబాలను అక్కడి పన్నుల శాఖ మోసగాళ్ళ కింద జమకట్టింది. ఎవరిని అనుమానించాలో లెక్కగట్టడంలో కంప్యూటరు చెయ్యీ ఉంది. తీరా 2021 జనవరిలో మంత్రివర్గమే రాజీనామా చేసింది. కంప్యూటరుండగా మనుషులు రాజీనామా చేయడమేమిటండీ?

మొన్న నా ఖాతా ఒకటి స్తంభించింది. సహాయం కిటికీ తెరిచాను. "మీ ఆవేదన నాకు అర్థమైంది" అంది. నాలుగు బటన్లు చూపించింది. నాలుగోది 'ఇతరములు'. నొక్కితే మళ్ళీ అవే నాలుగు. మనిషితో మాట్లాడాలని టైపు చేశాను. "తప్పకుండా! అసౌకర్యానికి క్షమించండి" అని ఆ నాలుగే మళ్ళీ తెచ్చి ముందు పెట్టింది. పదకొండో క్షమాపణ దగ్గర నాకే సిగ్గేసి ఊరుకున్నాను. చివర్లో, సేవ ఎలా ఉందో నక్షత్రాలివ్వమంది. ఐదూ ఇచ్చాను. మూడిస్తే, ఏం నచ్చలేదో చెప్పమని నాలుగు బటన్లు చూపిస్తుందట.