లాగ్ ఎన్ గారికి ఒక గ్రాఫు కూలీ రాసుకున్న విన్నపం

మహారాజశ్రీ లాగ్ ఎన్ గారి సముఖమునకు,

ఉభయ కుశలోపరి అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. నిజానికి మీ కుశలం నేను కోరడం లేదు. నాలుగేళ్ళుగా మిమ్మల్ని ఇల్లు ఖాళీ చేయించడమే నా ఉద్యోగం. జీతం ఇచ్చేది దానికే.

బళ్ళో మీరు సంవర్గమానం అన్న పెద్ద పేరుతో పరిచయమయ్యారు. పట్టికలో మీ విలువ వెతికి రాసేస్తే మార్కులు పడేవి. గొడవ ఉండేది కాదు. ఇప్పుడు మా పత్రాల్లో ఎక్కడ చూసినా మీరే. గ్రాఫు అంటే కొన్ని చుక్కలు (నోడ్లు), వాటిని కలిపే గీతలు (ఎడ్జీలు). దాని మీద ఏ అల్గారిథం రాసినా, అది తీసుకునే సమయం లెక్కలో ఎడ్జీల సంఖ్య ఎం పక్కనో నోడ్ల సంఖ్య ఎన్ పక్కనో తగుదునమ్మా అని నిలబడి ఉంటారు.

పోనీ మీరేమైనా బరువా అంటే, అదీ లేదు. మా లెక్కలో మీ ఆధారం రెండు కాబట్టి, నోడ్లు పది లక్షలుంటే మీరు 20. వంద కోట్లుంటే 30. గ్రాఫు వెయ్యింతలైతే మీరు పెరిగేది పది. ఇంత నెమ్మదస్తుడి మీద ఇంతమంది పీహెచ్‌డీలు కత్తి కట్టడం చూస్తే, కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళే నయమనిపిస్తుంది. వాళ్ళకి ఎలుకైనా దొరికింది.

డైక్‌స్ట్రాగారు సుఖపడ్డారు. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీ తాగుతూ, కాగితం కలం లేకుండా, ఇరవై నిమిషాల్లో అత్యల్ప దూరం కనుక్కునే పద్ధతి ఆలోచించేశారు. 1959లో అచ్చయినప్పుడు మూడంటే మూడు పేజీలు. అందులో మీరు లేరు. ఆ పద్ధతికి తర్వాతివాళ్ళు హీపు (అన్నిటికన్నా చిన్నది ఎప్పుడూ శిఖరాన ఉండేలా పేర్చిన చెట్టు) తగిలించారు చూడండి, అప్పుడు దిగారు మీరు, పెట్టే బేడాతో సహా.

ఒక రాత్రి ఆ హీపును కాగితం మీద గీసి, అట్టడుగున ఉన్న ఒక నోడు దూరం తగ్గించి చూశాను. అది తన పైదానితో పోల్చుకుంది. తనే చిన్నది కాబట్టి చోటు మార్చుకుంది. మళ్ళీ పైదానితో, మళ్ళీ చోటు. పది లక్షల నోడ్లున్నా సరే, ఇరవై మెట్లు దాటకుండా శిఖరానికి చేరిపోతుంది. ఆ మెట్లే మీరు! ముచ్చటేసిన మాట నిజం. ఎవరికీ చెప్పలేదు, శత్రువును చూసి ముచ్చటపడ్డానని తెలిస్తే ప్రమోషన్ పోతుంది.

1984లో ఫ్రెడ్‌మన్, టార్జన్ ఫిబొనాచీ హీపు కట్టి మిమ్మల్ని ఎడ్జీల గదిలోంచి నోడ్ల గదిలోకి నెట్టారు. ఇల్లు మాత్రం ఖాళీ చేయించలేకపోయారు. పైగా ఆ హీపు కాగితం మీద ఎంత అందమో కంప్యూటర్‌లో అంత నత్త. 2025లో రాన్ డువాన్ బృందం మీ నెత్తిన మూడింట రెండు అనే ఘాతం పెట్టి కుదించింది, ఆ ఏటి స్టాక్ అనే కంప్యూటర్ సిద్ధాంతాల సదస్సులో ఉత్తమ పత్రమనిపించుకుంది. అంటే 30 ఉన్న మీరు సుమారు 10 అయ్యారు. కాకపోతే ఈసారి మళ్ళీ ఎడ్జీల గదిలో తేలారు. ఎడ్జీలు పలచగా ఉన్న గ్రాఫులోనే లాభం. నలభై ఏళ్ళ పోరాటం, గది మార్పు!

కనిష్ఠ వ్యాపక వృక్షం, అంటే నోడ్లన్నిటినీ అతి తక్కువ ఖర్చుతో కలిపే ఎడ్జీల ఎంపిక, దాని దగ్గర జరిగింది ఇంకా వింత. 1926లో మొరావియాలో కరెంటు తీగలు చౌకగా ఎలా లాగాలా అని బొరూవ్కా ఆలోచించినప్పటి నుంచీ అక్కడ మీరున్నారు. 1975లో యావ్ మిమ్మల్ని లాగ్ లాగ్ (లాగ్‌కే లాగ్) చేశారు. ఆ తర్వాత లాగ్ స్టార్ (ఒకటికి దిగేదాకా ఎన్నిసార్లు లాగ్ తీయాలో ఆ లెక్క) అయ్యారు. 2000లో షజెల్ చేతిలో అంతకన్నా నెమ్మదిగా పెరిగే విలోమ ఆకర్‌మన్ అయి, విశ్వంలోని అణువులన్నిటినీ నోడ్లు చేసినా 4 దాటని స్థితికి వచ్చారు. అక్కడితో ఊరుకున్నామా? 2002లో పెటీ, రామచంద్రన్ ఇంతకు మించినది ఉండదని రుజువు చేసి మరీ ఒక అల్గారిథం ఇచ్చారు. అదెంత సమయం తీసుకుంటుందో మాత్రం నేటికీ ఎవరికీ తెలియదు. ఇంటికి తాళం పడింది, లోపల మీరున్నారో లేదో దేవుడికెరుక.

ఇక మా నాటకం కూడా చెప్పాలి. ఒక పత్రంలో మిమ్మల్ని తరిమామని చప్పట్లు కొట్టించుకుంటాం. మరుసటి పత్రంలో బిగ్ ఓ (స్థిరాంకాలను వదిలేసి సమయం ఎలా పెరుగుతుందో చెప్పే గుర్తు) నెత్తిన చిన్న మెలిక పెట్టి, మిమ్మల్నీ మీ వర్గాలనూ ఘనాలనూ ఆ మెలిక కిందకి ఊడ్చేసి, అసలు మీరెవరో ఎరగనట్టు నటిస్తాం. రెండు పత్రాలకీ రచయిత ఒకరే కావచ్చు. నేనే కావచ్చు.

మొన్న మిమ్మల్ని వెళ్ళగొట్టిన నా అల్గారిథాన్ని పంతానికి కోడ్ రాసి నడిపాను. మీరున్న పాత ప్రోగ్రామ్ నేను కుర్చీలో సర్దుకునేలోపే జవాబు చెప్పింది. నాది ఫ్యాన్ గిర్రున తిప్పుతూ ఇంకా ఆలోచిస్తోంది. మీ చోటులో దిగిన స్థిరాంకం గారు, లెక్క వేస్తే, రెండు వేల పైచిలుకు. బిగ్ ఓ చాటున ఉన్నారు కాబట్టి పత్రంలో ఎవరికీ కనబడరు. మీరైతే కనీసం పేరు చెప్పుకుని ఉండేవారు.

అయినా పత్రం పంపేశాను. శీర్షికలో మీరు లేరన్న సంగతే ముందు రాశాను.

ఇట్లు,
మీ ఇల్లు ఖాళీ చేయించిన కూలీ

తా.క.: సమీక్ష ఈ ఉదయమే వచ్చింది. నాలుగో లెమ్మా (రుజువులో వాడే చిన్న సిద్ధాంతం) మొదట్లో "ఎడ్జీలను బరువుల వరుసలో పేర్చుకుని" అని అలవాటు కొద్దీ ఒక అర వాక్యం రాశాను. పేర్చడానికెంత పడుతుందని అడిగారు. మీరు అందులోనే కూర్చుని ఉన్నారట, మొదటి నుంచీ.