కొమ్ములు లెక్కపెడుతూ అడవిని మర్చిపోయారు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో నవంబర్ వచ్చిందంటే వేటగాళ్ల మధ్య రెండు తగాదాలు మళ్లీ రాజుకుంటాయి. రైఫిల్‌తో దుప్పుల వేట థ్యాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం వచ్చే పండగ) తర్వాతి శనివారం మొదలవ్వాలా, పాత పద్ధతిలో సోమవారమా అన్నది ఒకటి. మగదుప్పి కొమ్ముకి ఒక పక్క కనీసం మూడు మొనలు ఉంటేనే కాల్చాలన్న నియమం ఉంచాలా, ఎత్తేయాలా అన్నది రెండోది. కొమ్ముల తగాదాకి ఇరవై ఏళ్లు దాటాయి. శనివారం తగాదా 2019 నుంచి నడుస్తోంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. శనివారమే సరైనది. కొమ్ముల నియమం కూడా, దుప్పులకు జబ్బు సోకిన చోట్ల తప్ప, ఉండాల్సిందే. కానీ ఇంత కోపమూ ఇంత ఓపికా అక్కర్లేని చోట ఖర్చవుతున్నాయి. తేల్చాల్సింది ఆడదుప్పి సంగతి. ఆ మాట ఎత్తగానే సమావేశంలో సగం మంది మొహాలు ముడుచుకుంటాయి.

శనివారం గొడవ త్వరగా ముగిద్దాం. 1963 నుంచి 2018 దాకా సీజన్ సోమవారమే తెరుచుకునేది. ఆ రోజు పల్లెల్లో బడులకు సెలవు, ఇప్పటికీ చాలాచోట్ల ఇస్తున్నారు. ఆదివారం సాయంత్రానికి అడవిలోని క్యాంపు చేరుకోవడం, తాతా మనవడూ ఒకే పొయ్యి దగ్గర చలి కాచుకోవడం, తెల్లవారుజామున చీకట్లోనే బయల్దేరడం వాళ్లకు పండగతో సమానం. గురువారం పండగ భోజనం, శుక్రవారం ప్రయాణం, శనివారం వేట అంటే ఇంట్లోవాళ్లతో గడిపే నాలుగు రోజులూ చెదిరిపోయాయని, కొండ ఊళ్లలో హోటళ్లకీ దుకాణాలకీ ఆ శని, ఆదివారాల గిరాకీ పోయిందని సోమవారం పక్షం వాళ్ల బాధ. అది నిజమైన నష్టమే, కాదనను. అయితే 1980ల మొదట్లో 12 లక్షలు దాటిన వేట లైసెన్సులు ఇప్పుడు 9 లక్షల లోపుకి పడిపోయాయి. గోదాములో షిఫ్టు చేసే కుర్రాడికీ, కాలేజీలో చదివే అమ్మాయికీ సోమవారం సెలవు ఎవరిస్తారు? ఆదివారం వేట మీద 19వ శతాబ్దం నుంచి ఉన్న నిషేధాన్ని కూడా 2025లో ఎత్తేశారు. శని, ఆదివారాలు తప్ప తీరిక లేని జనం ఉన్నప్పుడు సీజన్ వాళ్లకు వీలైన రోజునే మొదలవ్వాలి.

కొమ్ముల నియమం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. గోడకు తగిలించుకునే పెద్ద తలల కోసమే దాన్ని పెట్టారని చాలామంది అనుకుంటారు. దుప్పి కొమ్ము ఆవు కొమ్ములాంటిది కాదు. ఏటా చలికాలంలో రాలిపోయి, వసంతంలో మళ్లీ మొలుస్తుంది. వయసూ తిండీ బాగుంటే మొనలు పెరుగుతాయి. ఏడాదిన్నర వయసు వాటిలో చాలావాటికి చిన్న చీలికో, ముల్లులాంటి ఒంటి మొనో ఉంటుంది. 2002కి ముందు ఈ రాష్ట్రంలో వేటకు పడే మగదుప్పుల్లో దాదాపు 80 శాతం ఏడాదిన్నరవే. అంటే మొదటిసారి కొమ్ములు మొలిచిన శీతాకాలమే వాటికి ఆఖరిది. మూడు మొనల నియమం వచ్చాక వాటిలో చాలా భాగం ఆ ఏడాది బతికి బయటపడుతున్నాయి. పశ్చిమ జిల్లాల్లో నుదుటి దగ్గర మొలిచే మొనను లెక్కలోకి తీసుకోకుండానే మూడు ఉండాలి. పిల్లలకూ, సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకూ మినహాయింపు ఉంది. ఇప్పుడు పడే మగదుప్పుల్లో సగానికి బాగా పైన రెండున్నరేళ్లు నిండినవే.

ఆ లెక్క ఎలా తేలుస్తారో నేను దగ్గరుండి చూశాను. సీజన్ మొదలైన మూడో రోజు, దుప్పి మాంసం కోసిచ్చే ఒక కొట్టు వెనక, వేట వ్యవహారాలు చూసే గేమ్ కమిషన్ ఉద్యోగిని ఒకావిడ తలల కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఇనప పరికరంతో దవడ తెరిచి, నుదుటికి కట్టుకున్న లైటు వెలుగులో లోపలికి చూస్తోంది. కింది దవడలో మూడో పన్నుకి మూడు మొనలుంటే అది ఇంకా పాలపన్నే, జంతువు వయసు ఏడాదిన్నర. రెండే ఉంటే పాలపన్ను ఊడి కొత్తది వచ్చినట్టు, రెండున్నరేళ్లో ఆ పైనో. ఒక్కో తలకి పది సెకన్లు పట్టలేదు. ఆవిడ అంకె చెబుతుంది, పక్కనున్న కుర్రాడు చెవి ట్యాగు మీది వివరాలతో కలిపి రాసుకుంటాడు. మంచు పడుతోంది, చేతులు ఎర్రగా కమిలిపోయాయి, అయినా ఆవిడ ఒక్క తల కూడా వదల్లేదు. ఇలా రాష్ట్రమంతా పోగైన అంకెలతోనే నియమం పనిచేసిందో లేదో చెప్పగలుగుతున్నారు.

ఈ నియమాన్ని తెచ్చిన గ్యారీ ఆల్ట్ అసలు ఎలుగుబంట్ల శాస్త్రవేత్త. 1999లో దుప్పుల విభాగం ఆయన చేతికొచ్చింది. ఊరూరా తిరిగి హాళ్ల నిండా వేటగాళ్లను కూర్చోబెట్టి ఆయన చెప్పింది రెండు ముక్కలు. చిన్న మగదుప్పుల్ని వదిలేయండి, ఆడదుప్పుల్ని ఎక్కువగా కాల్చండి. మగవాటి సీజన్‌నీ ఆడవాటి సీజన్‌నీ కలిపేసింది కూడా ఆ రోజుల్లోనే. మొదటి ముక్క జనానికి నచ్చింది. రెండోదానికి బెదిరింపులు వచ్చాయి. 2004 చివర్లో ఆయన ఉద్యోగం వదిలేశాడు. ఇప్పుడు కొమ్ముల నియమం మంచిదా చెడ్డదా అని వాదించుకునేవాళ్లు ఆ బేరంలో రెండో సగాన్ని కావాలనే మర్చిపోతున్నారు. పెద్ద కొమ్ములు రావడానికి ఒప్పుకుని, ఆడదుప్పి దగ్గరికి వచ్చేసరికి చేతులు వెనక్కి తీసుకుంటే అది సగం వైద్యం.

ఈ వెనకాడటానికి పెద్ద చరిత్రే ఉంది. 1900 నాటికి పెన్సిల్వేనియాలో దుప్పి దాదాపు కనుమరుగైంది. అడవులు నరికేశారు, మాంసం, తోళ్ల వ్యాపారులు అడ్డూ అదుపూ లేకుండా చంపేశారు. 1906లో మిషిగన్ నుంచి దుప్పుల్ని కొని తెచ్చి వదిలారు. 1907లో కొమ్ములున్నవాటిని తప్ప కాల్చకూడదని చట్టం చేశారు. అప్పటికే తోడేళ్లు లేవు, కొండసింహాలు లేవు. నరికిన అడవుల్లో లేత చిగుళ్లకు కొదవ లేదు. దుప్పులు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. 1928లో మగవాటి వేట ఆపేసి ఆడవాటికే సీజన్ తెరిస్తే రాష్ట్రం అట్టుడికింది. 'ఆడదాన్ని కాల్చేవాడు వేటగాడే కాదు' అన్న మాట తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలాగా దిగింది. ఆడదుప్పి లైసెన్సు కోసం గులాబీ రంగు కవర్లో దరఖాస్తు పెట్టి కౌంటీ ట్రెజరర్‌కి పోస్టు చేసే పద్ధతి 2022 దాకా ఉండేది. లైసెన్సు కొని ఎవరికీ దక్కకుండా చింపేసేవాళ్లమని పాతవాళ్లు గర్వంగానే చెప్పుకుంటారు. అంతరించే దశలో ఉన్న జంతువును కాపాడటానికి పుట్టిన నీతి అది. ఆ జంతువు దాదాపు 15 లక్షలకు చేరాక కూడా దాన్నే పట్టుకుని వేలాడటం ఏం నీతి?

ఇక లెక్కకు వద్దాం, అందరూ పక్కదారి పట్టేది ఇక్కడే. ఒక మగదుప్పి ఎన్నో ఆడవాటితో జత కడుతుంది. మగవాటిలో సగం పోయినా మరుసటి ఏడు పుట్టే పిల్లల సంఖ్యలో పెద్ద తేడా రాదు. పెరిగిన ఆడదుప్పికి తిండి బాగుంటే సాధారణంగా కవలలు పుడతారు. కాబట్టి మందను పెంచేదీ తగ్గించేదీ ఆడదుప్పే. కొమ్ముకి మూడు మొనలన్నా నాలుగన్నా మంద పరిమాణం మారదు. సీజన్‌ని వారం ముందుకు జరిపినా వెనక్కి జరిపినా అంతే. జత కట్టే కాలాన్ని నిర్ణయించేది పగటి వెలుగు. ఏటా నవంబర్ మధ్యలో జతకట్టడం ఉచ్చస్థితికి వస్తుంది. రోడ్ల మీద చచ్చిపోయిన ఆడదుప్పుల గర్భాలను కొలిచి మరీ ఈ సంగతి తేల్చారు. పిల్లలు పుట్టేది మే చివర, జూన్ మొదట్లో. వాటి సంఖ్యను మార్చాలంటే కడుపుతో ఉండబోయేవాటినే తగ్గించాలి, ఇంకో దారి లేదు.

ఎందుకు తగ్గించాలో తెలియాలంటే ఒక కంచె చూడాలి. అలెఘెనీ నేషనల్ ఫారెస్ట్ వైపు అడవిశాఖ వాళ్లు ఎనిమిది అడుగుల తీగ కంచె వేసి కొన్ని చోట్ల దుప్పులు రాకుండా చేశారు. అలాంటి ఒక కంచె పక్కన నిలబడి రెండు వైపులా చూశాను. కంచె లోపల నడుం లోతు పచ్చదనం. ఓక్, మేపుల్ మొక్కలు, రాస్ప్‌బెర్రీ పొదలు, వాటి సందుల్లో మూడు రేకుల తెల్లని ట్రిలియం పూలు. కంచె బయట మోకాలెత్తు ఫెర్న్ తివాచీ తప్ప ఏమీ లేదు. ఆ ఫెర్న్‌ని దుప్పి ముట్టదు, కాబట్టి అదే మిగిలింది. పెద్ద చెట్ల కింది కొమ్మలు దుప్పి మూతి అందే ఎత్తు దాకా కత్తెరతో కత్తిరించినట్టు సమంగా ఉన్నాయి. పెద్ద చెట్లున్నాయి, వాటి కింద ఒక్క పిల్లచెట్టు లేదు. ఒక ఊళ్లో అందరూ అరవై దాటినవాళ్లే ఉండి, బడిలో ఒక్క పిల్లవాడూ లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ అడవి.

ఇది నా కంటి భ్రమ కాదు. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతంలోనే 1980ల్లో పదేళ్లపాటు కంచెల్లో దుప్పుల్ని పెట్టి ప్రయోగం చేశారు. చదరపు మైలుకి 10, 20, 38, 64 చొప్పున నాలుగు స్థాయిలు. ఇరవై దాటేసరికి మొక్కల జాతులు తగ్గిపోయాయి, చెట్ల మొలకలు నిలబడలేదు. పొదల్లో గూళ్లు కట్టే పాటల పక్షులు కూడా తగ్గాయి. దుప్పి అడవిని తినేస్తోందన్న మాట తెలియడానికి నలభై ఏళ్ల కిందటే కావలసినంత రుజువు దొరికింది. వేటగాళ్లేమో 'వారమంతా కూర్చున్నా ఒక్క దుప్పి కనపడలేదు, ఇంకా ఆడవాటిని చంపమంటారా' అంటారు. ఉత్తర కొండల్లో ఆ మాట నిజమే కావచ్చు. తిండి లేని అడవిలో దుప్పి ఎందుకుంటుంది? అది ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ శివార్లలో, కాల్చడానికి వీల్లేని పెరళ్లలో హాయిగా మేస్తోంది.

జబ్బు మాట కూడా చెప్పాలి. మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ 2012లో ఆడమ్స్ కౌంటీలో పెంపకపు దుప్పుల్లో బయటపడింది. దానికి మందు లేదు. వయసు మీరిన మగదుప్పుల్లో అది ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే మిస్సోరి రాష్ట్రం జబ్బు ఉన్న కౌంటీల్లో కొమ్ముల నియమం తీసేసింది. పెన్సిల్వేనియాలోనూ జబ్బు పాతుకుపోయిన చోట ఏడాదిన్నర మగదుప్పిని బతికించడం మంచిపని కాదు. నియమం రాష్ట్రమంతా ఒక్కటే అయి తీరాలన్న పట్టుదల ఉండకూడదు.

ఇదంతా మనకెందుకు అనే తెలుగువాళ్లకు ఒక మాట. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవాళ్లలో పెరట్లో గోంగూర, టమాట దుప్పికి అర్పించని ఇల్లు అరుదు. సాయంత్రం కారు ముందుకు దూకే దుప్పి టెన్షన్ అందరికీ తెలుసు. అయినా మనవాళ్లు ఈ చర్చలోకి రారు. వేట మనకు పడదు, అందుకని అది మనది కాని వ్యవహారం అనుకుంటాం. పాపం జంతువు అనే జాలి మంచిదే. కానీ చలికాలం చివర్లో తిండి లేక పక్కటెముకలు తేలిన దుప్పినీ, మొలక లేని అడవినీ కూడా ఆ జాలితోనే చూడాలి.

నాకు ఈ గొడవలో నచ్చినది ఇంకోటుంది. అదే మన దగ్గర లేనిది. పెన్సిల్వేనియాలో సీజన్ తేదీల్ని జనవరిలో ముసాయిదాగా బయటపెడతారు, ఏప్రిల్‌లో లైసెన్సుల సంఖ్యతో పాటు ఓటేసి ఖరారు చేస్తారు. మధ్యలో ఎవరైనా వచ్చి మైకు ముందు నిలబడి తిట్టొచ్చు. పంటి మొనల లెక్కలు అందరికీ అందుబాటులో ఉంటాయి. కమిషన్ తన ఖర్చు లైసెన్సుల డబ్బుతోనూ, తన భూముల్లోని కలప, గ్యాస్ ఆదాయంతోనూ, తుపాకులు, తూటాల మీద కేంద్రం వేసే పన్ను వాటాతోనూ గడుపుకుంటుంది. కాబట్టి అడిగేవాడికి సమాధానం చెప్పక తప్పదు.

ఇప్పుడు తెలంగాణలోని నారాయణపేట జిల్లా చూడండి. మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల్లో వానాకాలం విత్తనం మొలకెత్తగానే కృష్ణజింకల మందలు చేలలోకి దిగుతాయి. పత్తి, కంది, జొన్న మొలకలు రాత్రికి రాత్రి పోతాయి. రైతు చేను చుట్టూ చీరలు కట్టి, డబ్బాలు మోగించి, మంచె మీద రాత్రంతా కాపలా కాస్తాడు. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం కృష్ణజింకను ముట్టుకుంటే జైలు, ఆ రక్షణ ఉండాల్సిందే. నేను ఇక్కడ వేట తెరవమని అనడం లేదు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పక్షి కోసం పెట్టిన అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి రైతులకు విసుగొచ్చింది, చివరికి బట్టమేకే కనపడకుండా పోయింది. జంతువును కాపాడే పనిలో రైతును కలుపుకోకపోతే జరిగేది ఇదే.

అందుకే నాకు కావలసినవి రెండు. పెన్సిల్వేనియా గేమ్ కమిషన్ వచ్చే ఏప్రిల్‌లో శనివారం, కొమ్ముల గురించి ఒక్క గంట కూడా మాట్లాడకుండా, ఆడదుప్పి లైసెన్సుల సంఖ్యను అడవిలో మొలకల లెక్కతో జతచేసి ఓటుకు పెట్టాలి. మొలకలు లేని చోట లైసెన్సులు పెంచాలి, కంచె బయట ఓక్ మొక్క నడుమెత్తు పెరిగిన చోట తగ్గించాలి. ఇక తెలంగాణ అటవీ శాఖ జూన్‌లో విత్తనం పడకముందే మండలాల వారీగా కృష్ణజింకల లెక్క బయటపెట్టి, మక్తల్‌లో బహిరంగ సభ పెట్టి, పంట నష్టం ఎన్ని రోజుల్లో చెల్లిస్తారో రైతుల ముందే తేదీ చెప్పాలి.